గట్టు దిగవలసిన చదువు

నేలల శాస్త్రమును గూర్చిన ఆంగ్ల గ్రంథములు తిరుగవేసినచో అందు "రెగర్" అను మాట తరచుగా కనిపించును. నల్లని బరువు నేలకు శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న పేరది. గుంటూరు సీమలోను, కర్నూలు సీమలోను రైతులు తరతరములుగా పలుకుచున్న "రేగడ", "రేగడి" యే ఆ మాటకు మూలము. దొరల చెవిని బడి, వారి కలములో కొంచెము వంకరపోయి, గ్రంథములకెక్కెను. విచిత్రమేమనగా, ఈనాడు వ్యవసాయ కళాశాలలో చేరిన తెలుగు విద్యార్థి ఆ మాటను తిరిగి ఆంగ్ల పుస్తకమునుండియే నేర్చుకొనుచున్నాడు. తాత నోటిలోని మాట మనుమనికి పరదేశపు ముద్రతో అందుచున్నది.

ఈ చిన్న సంగతిలో వ్యవసాయ విద్య యొక్క పెద్ద చిక్కు ఇమిడియున్నది. వైద్యునివద్దకు రోగి నడచివచ్చి తన బాధ తాను చెప్పుకొనును. న్యాయవాదివద్దకు కక్షిదారు కాగితములు పట్టుకొని వచ్చును. పొలము ఎవరివద్దకును రాదు. వ్యవసాయ పట్టభద్రుడే దానివద్దకు పోవలెను. పోయినపిదప పైరును చూచుటకు కన్నులు చాలవు. ఆ పైరును పెంచినవాని మాట అర్థము కావలెను, తన మాట అతనికి అర్థము చేయవలెను. నాలుగేండ్ల చదువులో ఈ రెండవ విద్యకు దొరకుచున్న చోటెంత?

తెలుగువారికి ఈ చదువు చాల పాతది కాదు. మద్రాసు చెంత సైదాపేటలో 1868లో వెలసిన వ్యవసాయ పాఠశాల 1906లో కోయంబత్తూరునకు తరలెను. తరువాత చాలకాలము కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థి ఈ శాస్త్రములో పట్టము కోరినచో కోయంబత్తూరు రైలెక్కవలసివచ్చెడిది. 1945లో బాపట్లలో కళాశాల ఏర్పడిన తరువాత ఆ దూరము తగ్గెను. మరుసటి యేడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద ఒకటి, 1961లో తిరుపతిలో మరియొకటి వచ్చినవి. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపింపబడగా ఈ మూడు కళాశాలలును దానిలో చేరినవి. 1965 మార్చి 20న నాటి ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి దానికి ప్రారంభోత్సవము జరిపిరి. 1996లో దానికి ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టిరి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు విశ్వవిద్యాలయమును రెండయ్యెను; రాజేంద్రనగరులోనిది ప్రొఫెసర్ జయశంకర్ పేరను, గుంటూరు చెంత లాం గ్రామములోనిది రంగాగారి పేరను నడచుచున్నవి.

ఈ విశ్వవిద్యాలయముల కట్టడి అమెరికానుండి వచ్చినది. 1862లో అక్కడి ప్రభుత్వము ఒక చట్టము చేసి, వ్యవసాయమును యంత్రవిద్యను నేర్పు కళాశాలల పోషణకై రాష్ట్రములకు భూములిచ్చెను. ఆ కళాశాలలలో బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు పనులును ఒకే కప్పు క్రింద సాగెను. విస్తరణ యనగా కనుగొన్నదానిని రైతునకు చేర్చుట. మన దేశములో ఈ పద్ధతిపై తొలి విశ్వవిద్యాలయము 1960లో పంత్ నగరులో వెలసెను. తెలుగునాటి విశ్వవిద్యాలయమునకు కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము తొలి రోజులలో తోడ్పడెను. ఉదయము తరగతిలో పాఠము చెప్పిన ఆచార్యుడే మధ్యాహ్నము ప్రయోగపు మడిలో దిగవలెను, సాయంకాలము రైతుల సభలో కూర్చుండవలెను అనునది ఈ ఏర్పాటులోని ఆశయము. మూడింటిలో మొదటి రెండును తెలుగునాట బాగుగనే వేళ్లూనినవి. మూడవదే కుంటినడక నడచుచున్నది. ఇంకొక మాట కూడ చెప్పవలసియున్నది. 2005లో పశువైద్యమునకు, 2007లో ఉద్యాన విద్యకు వేరు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. పాలనకు అది అనుకూలమై యుండవచ్చును గాని, రైతు వాకిటిలో గేదెయు, మామిడిచెట్టును, వరికుప్పయు ఇప్పటికిని ఒక్కచోటనే యున్నవి.

పాఠ్యక్రమము విశాలమైనది. సేద్య విజ్ఞానము, మృత్తికా శాస్త్రము, కీటక శాస్త్రము, తెగుళ్ల శాస్త్రము, ప్రజననము, ఉద్యానము, అర్థశాస్త్రము, పర్యావరణ శాస్త్రము, విస్తరణ అని ఎనిమిది అర్ధసంవత్సరములకు సరిపడ శాఖలున్నవి. ప్రతి విద్యార్థియు కొంత నేలలో తన చేతులతో పైరు పెట్టవలసియుండును. ఇంటర్మీడియెట్ చదివి వచ్చిన చేయి ఇక్కడ నాటు వేయుచు బురదను పరిచయము చేసికొనును. బురద తెలిసిన చేతులును ఆ తరగతిలో ఉండును. రైతు కుటుంబముల పిల్లలకు కొన్ని స్థానములు ప్రత్యేకించుట ఇక్కడి ఆచారము. బాలికలును ఇప్పుడు ఈ చదువునకు విరివిగా వచ్చుచున్నారు.

తరగతిలో వరి పైరు జీవితమును ఆంగ్ల నామములతో దశలుగా విభజించి చెప్పుదురు. విద్యార్థి వానిని వల్లెవేయును, పరీక్షలో వ్రాయును. అతని యింటిలోనే ఆ దశలకు వేరు పేర్లున్నవి. నారు, నాటు, పిలకలు తొడుగుట, చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు పోసికొనుట — ఇవి రైతు పెట్టిన పేర్లు. వరిమొక్కను గర్భము దాల్చి ప్రసవించు తల్లిగా భావించినవారి మాటలివి. పైకి కవిత్వముగా తోచినను వీనిలో లెక్కయు ఉన్నది. వరికి నత్రజని ఎరువును మూడు విడతలుగా వేయవలెనని శాస్త్రము చెప్పుచున్నది: నాటుటకు ముందు దమ్ములో, పిలకల దశలో, వెన్ను లోపల అంకురించు దశలో. ఈ మూడవ దశయే "చిరుపొట్ట". "అంకురోత్పత్తి దశలో యూరియా వేయుడు" అని చెప్పిన ఉద్యోగికి రైతు తల యూపి ఊరకుండును. "చిరుపొట్టకు వేయండి" అన్నచో ఆ పూటనే పైరు చీల్చి చూచుకొనును.

చౌడు నేలల సంగతి ఇంకను గొప్పది. ఉప్పు పేరుకొన్న నేల యంతయు ఒక్కటి కాదని శాస్త్రము నిర్ణయించినది. ఒక రకములో కరగు లవణములు అధికము. మంచినీరు పెట్టి, మురుగు తీసి, ఆ లవణములను కడిగివేయవచ్చును. రెండవ రకములో సోడియము మట్టికణములను పట్టుకొని యుండును. ఎన్ని నీళ్లు పెట్టినను వదలదు. దానికి జిప్సము వేయవలెను. అందలి కాల్షియము సోడియమును త్రోసిపుచ్చిన పిమ్మట నీటితో కడుగవలెను. మొదటిదాని మందు రెండవదానికి పనిచేయదు. ఈ భేదమును కనుగొనుటకు విద్యార్థి ప్రయోగశాలలో లవణముల మోతాదును, ఉదజని సూచికను కొలచును. తెలుగు రైతు మొదటిదానిని "పాలచౌడు" అనియు, రెండవదానిని "కారుచౌడు" అనియు పిలుచుచున్నాడు. మొదటిదానిపై తెల్లని పొర దేరును. రెండవదానిపై నల్లని జిడ్డు తేలును. పరికరము లేనివాడు కంటితో చేసిన వర్గీకరణము ఇది. దీనికి కారణము రైతునకు తెలియదు, మందును అన్నివేళల తెలియదు. ఆ వెలితిని నింపుటకే విశ్వవిద్యాలయము కావలసివచ్చెను. అయితే వెలితిని నింపువాడు అక్కడ ముందుగా ఏమున్నదో ఎరిగియుండవలెను.

తెగుళ్ల పేర్లును ఇట్టివే. మంట సోకినట్లు ఆకులు మాడునది అగ్గితెగులు. ఆకు కొననుండి ఎండుచు వచ్చునది ఎండాకు తెగులు. మొవ్వాకు ఉల్లికాడవలె గొట్టమైపోవునది ఉల్లికోడు. పొలము నడుమ గుండ్రముగా, సుడివలె, పైరు ఎండుచు వచ్చుటకు కారణమగునది సుడిదోమ. రోగ లక్షణము పేరులోనే చెప్పబడినది. వైద్యవిద్యార్థులకు ఇట్టి సదుపాయము లేదు.

పరిశోధనలో తెలుగునేల సాధించినది తక్కువ కాదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈనాడు దక్షిణ దేశమందంతట సన్నబియ్యమునకు మారుపేరు. దాని వంశవృక్షమును చూచినచో ఈ శాస్త్రము పనిచేయు తీరు బోధపడును. కోయంబత్తూరులో 1921లో వెలువడిన జి.ఇ.బి. 24 దానికొక పూర్వీకము. తైవాను దేశమునుండి వచ్చిన పొట్టిరకము, తైచుంగ్ నేటివ్-1, మరియొకటి. మలేషియానుండి వచ్చిన మసూరి ఇంకొకటి. మూడు దేశముల గింజలు బాపట్ల మళ్లలో కలిసి తెలుగు విస్తరిలోని అన్నమైనవి. అయితే దానికి ఎండాకు తెగులును తట్టుకొను శక్తి లేకపోయెను. రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థయు, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలో ప్రవేశపెట్టి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని వెలువరించినవి. ఆ మూడింటిలో ఒక జన్యువునకు మూలము ఆఫ్రికా ఖండములోని మాలి దేశపు అడవివరి. అడవిలో తానై పెరిగిన గడ్డి అది. అడవులును చెరువుగట్లును నశించినచో ఇట్టివి ఎన్ని నశించునో విద్యార్థికి ఇక్కడనే తెలియవలెను. పర్యావరణ శాస్త్రమనునది వ్యవసాయమునకు చివర తగిలించిన అధ్యాయము కాదని చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

పర్యావరణ పాఠమును తెలుగునేల మరియొక రీతిగ కూడ నేర్చుకొన్నది. దానికి చెల్లించిన మూల్యము చాల పెద్దది. 1980 తరువాత గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడి నేలలలో ప్రత్తి విస్తరించెను. పైరిత్రాయిడ్ జాతి పురుగుమందులు కొత్తగా వచ్చినవి. మొదట పురుగు రాలిపడెను, రైతు ఆశ్చర్యపడెను, దుకాణములు వెలసినవి. పురుగులలో మందునకు చావనివి మిగిలి, వాని సంతతి పెరిగెను. మందు ఘాటునకు పురుగును తిను పురుగులే ముందుగా నశించినవి. తెల్లదోమ చెలరేగెను. 1987లో శనగ పచ్చపురుగు ప్రత్తిపై విరుచుకుపడినప్పుడు ఎన్ని మందులు కొట్టినను చావలేదు. మరల మరల కొట్టిరి. పంట పోయెను, అప్పు మిగిలెను. 1987–88లో ప్రకాశము జిల్లాలో ప్రత్తిరైతులు కొందరు ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. 1997–98లో వరంగల్లు జిల్లాలో అదే కథ మరల జరిగెను.

ఆ రోజులలో రైతునకు సలహా యిచ్చినవారెవరు? చాలచోట్ల మందులు అమ్మిన దుకాణదారుడే. వానిని ఒక్కనినే నిందించి ఊరకుండుట సులభము. వాడు రైతు భాషలో మాట్లాడెను, సాయంకాలమునకు దొరకెను, అప్పు ఇచ్చెను. శాస్త్రము తెలిసినవాడు దూరముగా ఉండెను. దగ్గరకు వచ్చినప్పుడును అతని మాట నోటీసు కాగితమువలె నుండెను. మందును పెంచినకొలది పురుగు గట్టిపడునను ముక్కను ప్రతి కీటకశాస్త్ర విద్యార్థియు చదివియుండును. ఆ ముక్క బాపట్లనుండి పర్చూరు పొలముల దాక పోవలసిన దూరము పట్టుమని రెండామడలు లేదు.

వరిలోని సుడిదోమ సంగతియు అట్టిదే. అది దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన, నీడలో కాపురముండును. పైనుండి కొట్టిన మందు దానికి తగులదు. దానిని తిను సాలీళ్లకును నల్లులకును తగులును. పైరు ఒత్తుగా నుండి, నత్రజని ఎక్కువైనకొలది అది పెచ్చరిల్లును. మందుకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు: నాటునప్పుడే రెండేసి మీటర్లకు ఒక జానెడు వెడల్పున కాలిబాటలు విడుచుట. గాలియు వెలుతురును మొదళ్లకు తగులును. దోమ కనిపించినప్పుడు మడిలోని నీరు తీసి ఆరబెట్టుట రెండవది. ఈ రెండింటికిని పైసా ఖర్చు లేదు. అందువలననే కాబోలు వీనిని గూర్చి ఏ గోడమీదను ప్రకటన కనిపించదు.

1962వ సంవత్సరమును ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలసియున్నది. ఆ యేడు అమెరికాలో రేచెల్ కార్సన్ రచించిన "సైలెంట్ స్ప్రింగ్" వెలువడి, పురుగుమందులవలన పక్షులకును నీటికిని కలుగు కీడును లోకమునకు తెలిపెను. అదే యేడు తెలుగునాట మరియొక గ్రంథము వచ్చెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశములో వ్యవసాయ పదములకు సంబంధించిన మొదటి సంపుటమది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యవమున జిల్లా జిల్లాకు పోయి, రైతుల నోటనుండి పదములను సేకరించి కూర్చినది. ఒకచోట నాగలి యనునది మరియొకచోట మడక యగుట, ఒక్కొక్క పనిముట్టుకు సీమ సీమకు పేరు మారుట అందు చూడవచ్చును. భాషాశాస్త్రజ్ఞులు దానిని తెలుగు మాండలికముల సరిహద్దులు గుర్తించుటకు ఉపయోగించుకొనిరి. తెలుగు శాఖలలో దానిని ఆదరముతో చూచుదురు. వ్యవసాయ కళాశాల విద్యార్థి చేతిలో మాత్రము అది కనిపించుట అరుదు. ఎవరికొరకు అది అందరికంటె ఎక్కువ అవసరమో వారి బల్లమీద అది లేదు. అందలి పనిముట్లలో కొన్ని ఇప్పటికి మూలబడినవి నిజమే. ట్రాక్టరు వచ్చినపిదప కాడికిని మేడికిని పనిలేదు. నేలలు, పైరు దశలు, తెగుళ్లు, నీటి పారుదల — వీని మాటలు మాత్రము బ్రతికియే యున్నవి.

ఈ చదువునకు వచ్చువారి మనస్సును గూర్చి కూడ కొంచెము చెప్పవలెను. జీవశాస్త్రము చదివిన విద్యార్థులలో పెక్కురకు మొదటి కోరిక వైద్యవిద్య. అది దొరకనివారికి ఇది రెండవది. ఇందు సిగ్గుపడవలసినది లేదు. రెండవ కోరికగా వచ్చి మొదటి శ్రేణి శాస్త్రజ్ఞులైనవారు కలరు. రైతు కుటుంబమునుండి వచ్చిన పిల్లవాని సంగతి వేరు. "మాతో ఈ కష్టము పోనీ" అని తండ్రి వానిని చదివించుచున్నాడు. అనగా వ్యవసాయమునుండి తప్పించుకొనుటకే వ్యవసాయము చదివించుచున్నాడు. పట్టము చేతికి వచ్చినపిదప బ్యాంకులలో వ్యవసాయాధికారుల ఉద్యోగములున్నవి, పోటీ పరీక్షలున్నవి, విత్తనముల సంస్థలున్నవి, పై చదువులకు పరదేశములున్నవి. తండ్రి కోరికను తప్పుపట్టుటకు ఎవరికి అధికారము కలదు? పంటకు ధర లేని దేశములో పట్టభద్రుని మాత్రము పొలములో నిలువుమనుట న్యాయము కాదు. 2019 తరువాత ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయములలో వ్యవసాయ సహాయకులను నియమించిరి. ఈ చదువు చదివినవారికి గ్రామములోనే ఉద్యోగము దొరకుటకు అదియొక దారి యయ్యెను. ఉద్యోగము ఏదైనను, బ్యాంకులో రుణపత్రము పరిశీలించు అధికారికైనను, ఎదుట కూర్చున్న రైతు "కారుచౌడు" అన్నప్పుడు ఆ మాట విలువ తెలిసియుండుట మేలు.

ఇందుకు పాఠ్యక్రమములోనే ఒక మంచి ఏర్పాటు కలదు. చివరి సంవత్సరములో విద్యార్థులు కొన్ని నెలలు గ్రామములకు పోవుదురు. దీనికి గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమమని పేరు. ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క రైతునకు అప్పగింతురు. రైతుతో కూడ పొలమునకు పోవలెను; అతడు చేయు ప్రతి పనిని, పెట్టు ప్రతి ఖర్చును వ్రాసికొనవలెను; విత్తనశుద్ధి, మట్టినమూనాలు తీయుట మొదలగునవి చేసి చూపవలెను. రచ్చబండ ఎదుట నేలమీద రంగు ముగ్గులతో ఊరి పటము వేయుదురు. చెరువు నీలిరంగు, పొలములు పచ్చరంగు, బాటలు తెల్లముగ్గు. పటము వేయుచుండగా ఊరివారు మూగుదురు. "కాలువ అటు కాదు, ఇటు" అని ఒక ముసలమ్మ కర్రతో దిద్దును. "ఆ మూల చౌడు, అక్కడ ఏమీ పండదు" అని మరియొకరు చూపుదురు. మూడేండ్లలో రాని పాఠము ఆ పూట వచ్చును. మొదటి వారములలో రైతు విద్యార్థిని పరీక్షించును, అది సహజము. నాటు వరుసలో నడుము వంచినవానికే రెండవ వారమునుండి మాట దొరకును.

కార్యక్రమము ముగిసినపిదప నివేదికను ఆంగ్లములో వ్రాయుదురు. అందు సుడిదోమ ఆంగ్ల నామము ధరించును, చిరుపొట్ట మాయమగును. విద్యార్థి తన రైతునోట విన్న యాభై మాటలనైనను, అవి యే సందర్భములో వచ్చినవో తెలుపుచు, ఆ నివేదిక చివర తెలుగులో చేర్చవలెనని ఆచార్యులు నియమించినచో 1962నాటి కోశమునకు ఏటేట ఒక అనుబంధము తయారగును. దీనికి ధనము అక్కరలేదు.

గ్రామములలోని పాఠశాలల ఉపాధ్యాయులకును ఇందు పాలు కలదు. ఈ విద్యార్థులు సాధారణముగా ఖరీఫ్ కాలములో వచ్చుదురు. పాఠశాలలు జూన్ నెలలో తెరచుదురు గనుక ఇద్దరి కాలమును కలియుచున్నది. వారిని ఒక పూట పాఠశాలకు పిలిచి, ఎనిమిదవ తరగతి పిల్లలతో మట్టినమూనా తీయించవచ్చును. పని చిన్నది. పొలములో ఎనిమిది పది చోట్ల "వి" ఆకారముగా జానెడు లోతు గుంట త్రవ్వి, ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు పలుచగా మట్టి గీచి, అంతయు ఒక గుడ్డమీద కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములు రెండింటిని తీసివేయుచు, చివరకు అరకిలో మిగుల్చుట. ఎరువు కుప్పలున్నచోట, చెట్ల నీడలో, గట్ల ప్రక్కన మట్టి తీయరాదు. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు, ముందు వేసిన పంట వ్రాసిన చీటీ అందులో పెట్టవలెను. ఆ నేలను ఆ ఊరిలో ఏమందురో, రేగడో, గరపో, చల్కయో, దుబ్బయో, ఆ మాటను చీటీలో పిల్లలచేతనే వ్రాయించవలెను.